దేవాలయ వాస్తు పరిశోధన – ప్రమాణ విచారం

ప్రమేయం సిద్ధించడం ప్రమాణం మీద ఆధారపడి ఉంటుందన్నది న్యాయశాస్త్రం నేర్పే మొదటి పాఠం. ఆత్మతత్త్వం విషయంలో అది ఎంత సత్యమో, ఆలయపు అధిష్ఠానం విషయంలోనూ అంతే సత్యం. ప్రాచీన దేవాలయం ముందు నిలిచిన భక్తుడికి సహజంగా రెండు జిజ్ఞాసలు కలుగుతాయి. ఇది ఏనాటిది? ఇది శాస్త్రోక్తంగా నిర్మించినదేనా? మొదటి ప్రశ్నకు చరిత్రకారుడు, రెండవ ప్రశ్నకు స్థపతి లేక ఆగమపండితుడు సమాధానం చెబుతారు. ఆ సమాధానాలను అందరూ శ్రద్ధగా వింటారు గాని, అవి ఏ ప్రమాణం వల్ల లభించాయో విచారించేవారు అరుదు.

ఈ విచారణ పండితుల వినోదం కోసం కాదు. జీర్ణోద్ధారణ అనే మహాకార్యం యావత్తూ దీనిమీదనే నిలుస్తుంది. ఒక కుడ్యం మూలనిర్మాణంలోనిదా, తరువాతివారు చేర్చినదా అన్న నిర్ణయం తప్పితే, ఉంచవలసినది కూలుతుంది, కూల్చదగినది నిలుస్తుంది. కూలిన రాయి తిరిగి సాక్ష్యం చెప్పదు. వేదవాక్యానికి పాఠాంతరం వస్తే పదపాఠం, క్రమపాఠం, జటాపాఠం సరిదిద్దుతాయి. శిలకు అటువంటి రక్షణ లేదు. కాబట్టి సుమారు రెండు వందల ఏళ్లుగా భారతీయ వాస్తువును పరిశోధించినవారు అనుసరించిన మార్గాలను ప్రమాణశాస్త్ర దృష్టితో పరీక్షించడం ఆస్తికులకు అవసరమే.

ఆధునిక పద్ధతిలో ఈ విద్యను పరిశోధించిన తొలి భారతీయుడు తంజావూరువాడైన రామరాజు. ఆంగ్లేయులు ఈయన పేరును రామ్ రాజ్ అని వ్రాసుకున్నారు. మద్రాసులో ఉద్యోగం చేసి, తరువాత బెంగుళూరులో న్యాయాధికారిగా పనిచేసిన ఈయన, హిందువుల వాస్తువుపై వ్రాసిన ఆంగ్లగ్రంథాన్ని లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ 1834లో ప్రకటించింది. అప్పటికి గ్రంథకర్త జీవించి లేడు. మానసారం, మయమతం, కాశ్యపం మొదలైన గ్రంథాల తాళపత్ర ప్రతులు ఆయనకు దొరికాయి. దొరికినవి శిథిలాలు, అసంపూర్ణాలు. అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి ఎదురైంది. సంస్కృతం తెలిసిన పండితుడికి ఆ గ్రంథాలలోని శబ్దాలు శిలపై దేనిని సూచిస్తాయో తెలియదు. ఉలి పట్టిన శిల్పికి ఆ రూపాలు తెలుసు, శ్లోకం తెలియదు. ఉపానం, జగతి, కుముదం, కంఠం, పట్టిక అన్న మాటలను వైయాకరణుడు ఎంతదాకా వ్యుత్పత్తి చెప్పినా, కుముదం గుండ్రంగా ఉంటుందా, పలకలుగా ఉంటుందా అన్నది ధాతువు నుంచి తేలదు.

రామరాజు తంజావూరు ప్రాంతపు కమ్మటశిల్పిని ఒకరిని దగ్గర ఉంచుకుని, శ్లోకాన్ని ఎదుట చదివి, ఆ పదానికి ఆయన ఏ అవయవాన్ని చూపుతాడో గమనించి అర్థం నిర్ణయించాడు. ఈ పని విలువ మీమాంసకులకు వెంటనే బోధపడుతుంది. శబ్దానికి అర్థంతో గల శక్తి బాలుడికి నిఘంటువు వల్ల తెలియదు, వృద్ధవ్యవహారం వల్ల తెలుస్తుంది. ఒక పెద్ద గోవును తెమ్మంటే మరొక పెద్ద తెచ్చిన జంతువును చూసి బాలుడు ఆ పదార్థాన్ని గ్రహిస్తాడు. రామరాజు చేసినది అక్షరాలా ఇదే. ఆయన తరువాత శతాబ్దకాలంలో ఎందరో విద్వాంసులు ఈ సులభమైన మార్గాన్ని విడిచి కోశాలను ఆశ్రయించి దారి తప్పడం విచిత్రం.

అయితే ఆయన మార్గానికీ పరిమితి ఉంది. ఆయన గ్రంథంలోని చిత్రపటాలలో అధికభాగం శాస్త్రం చెప్పిన ఆదర్శరూపాలు. ఫలానా ఊరి ఫలానా విమానాన్ని కొలిచి గీసినవి తక్కువ. కాలనిర్ణయం అందులో లేదు. ద్రావిడదేశపు శిల్పి నోట విన్న అర్థాన్ని సమస్త భారతదేశానికీ అన్వయించే ప్రమాదం కూడా అందులో పొంచి ఉంది. శబ్దప్రమాణానికి వ్యవహారం తోడైంది గాని, ప్రత్యక్షం పూర్తిగా కలవలేదు.

ప్రత్యక్షాన్నే సర్వస్వంగా భావించినవాడు స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ ఫెర్గూసన్. నీలిమందు వ్యాపారంలో ధనం ఆర్జించి, 1830ల నుంచి భారతదేశమంతటా తిరిగి, కాగితంపై దృశ్యాన్ని ప్రతిఫలింపజేసే కామెరా లూసిడా యంత్రంతో కట్టడాలను చిత్రించాడు. తరువాత ఛాయాచిత్రాలను వేలకొద్దీ సేకరించాడు. భారతీయ, ప్రాచ్య వాస్తుచరిత్రపై 1876లో ఆయన ప్రకటించిన గ్రంథం చిరకాలం ప్రామాణికంగా చెలామణి అయింది. రాయి అబద్ధం చెప్పదు, గ్రంథాలు చెబుతాయి అన్నది స్థూలంగా ఆయన పక్షం. కన్నులకు కనిపించిన రూపాలను వర్గీకరించి, పోల్చి, క్రమంలో పెట్టడమే ఆయన మార్గం. ఆ శ్రమను తక్కువ చేయరాదు. అంతకుముందు ఎవ్వరూ ఇన్ని కట్టడాలను ఒకే దృష్టితో చూడలేదు.

కాని ప్రత్యక్షంతో మొదలుపెట్టినవాడు అనుమానంలోకి జారకుండా ఉండలేడు. ఫెర్గూసన్ అనుమానాలలో ప్రసిద్ధమైనది ఇది: భారతదేశంలో మిగిలిన శిలానిర్మాణాలు అశోకుడి కాలం నుంచే కనిపిస్తున్నాయి, గనుక రాతికట్టడపు విద్య యవనుల సంపర్కం తరువాతనే ఇక్కడికి వచ్చింది. వంగదేశీయుడైన రాజేంద్రలాల్ మిత్ర ఉత్కళదేశపు ప్రాచీనకట్టడాలపై 1875లో మొదటి సంపుటం, 1880లో రెండవ సంపుటం ప్రకటిస్తూ ఈ వాదాన్ని ఖండించాడు. ఫెర్గూసన్ 1884లో మిత్రను అధిక్షేపిస్తూ ఒక గ్రంథమే వ్రాశాడు. ఆ గ్రంథంలో వాదం కంటె పాలకజాతి అసహనం ఎక్కువగా కనిపిస్తుంది.

పూర్వపక్ష సిద్ధాంతాలను పక్కన పెట్టి ఆ హేతువును మాత్రమే పరీక్షిస్తే దోషం స్పష్టమవుతుంది. కనిపించకపోవడం చేత లేదని నిర్ణయించడాన్ని అనుపలబ్ధి అంటారు. అది ఎప్పుడు ప్రమాణమవుతుంది? వస్తువు ఉండి ఉంటే తప్పక కనిపించి తీరే పరిస్థితి ఉన్నప్పుడే. పట్టపగలు ఖాళీ నేలమీద కుండ కనిపించకపోతే కుండ లేదనవచ్చు. చీకటి గదిలో కనిపించలేదని కుండ లేదనడం కుదరదు. దారువుతో, ఇటుకతో కట్టినవి వర్షానికి, చెదకు, అగ్నికి గురై నశించే దేశంలో, మిగిలినవాటిని చూసి మిగలనివాటి చరిత్రను నిర్ణయించడం చీకటి గదిలో కుండను వెదకడం వంటిది. అశోకస్తంభాల నునుపుదనం ఒక్కటే ఆ శిల్పుల వెనుక దీర్ఘాభ్యాసం ఉందని చెప్పకనే చెబుతుంది.

ఫెర్గూసన్ వర్గీకరణలో మరొక దోషం ఆంధ్రదేశాన్ని నేరుగా తాకుతుంది. ఆయన శైలులకు జాతుల పేర్లు పెట్టి, జాతికీ రూపానికీ నియతసంబంధం ఉన్నట్లు వ్రాశాడు. తుంగభద్రాతీరంలోని అలంపురం ఈ నియమాన్ని భంగపరుస్తుంది. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయాలలో అధికభాగం ఆమలకంతో కూడిన రేఖానాగర శిఖరాలతో తెలుగునేలపై నిలిచి ఉన్నాయి. అదే చాళుక్యులు పట్టదకల్లులో ద్రావిడవిమానాన్నీ నాగరశిఖరాన్నీ పక్కపక్కన కట్టించారు. రూపాన్ని నిర్ణయించినది రక్తసంబంధం కాదు, పోషకుడి సంకల్పం, శిల్పికులపు సంప్రదాయం. బళ్లారి మండలంలోని హోళలు శాసనం నాగర, కళింగ, ద్రావిడ, వేసరాలని నాలుగింటినీ ఒకే శిల్పి విద్యగా కీర్తిస్తుంది. వ్యభిచరించిన హేతువు సాధ్యాన్ని సాధించలేదు.

ఫెర్గూసన్‌కూ అమరావతికీ గల సంబంధం ఇక్కడ స్మరించదగినది. 1867లో లండనులోని ఒక భవనపు అశ్వశాలలో పడి ఉన్న అమరావతి శిలాఫలకాలు ఆయన కంటబడ్డాయి. మరుసటి ఏడాదే వాటిపై బృహద్గ్రంథం ప్రకటించాడు. కృష్ణాతీరపు స్తూపఫలకాలు అశ్వశాలకు చేరిన వృత్తాంతమే పరిశోధనా పద్ధతులకు ఒక పాఠం. దీపాలదిన్నెగా పిలువబడిన ఆ మట్టిదిబ్బను 18వ శతాబ్దం చివరలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడి మనుషులు కొత్త రాజధానికి ఇటుక, రాయి కోసం త్రవ్వారు. ఆ వార్త విని కల్నల్ కాలిన్ మెకంజీ మొదట కొద్దిసేపు చూసి వెళ్లాడు. 1816లో చిత్రకారులతో తిరిగివచ్చి, మిగిలినదంతా కొలిపించి, గీయించాడు. ఆయన వద్ద పనిచేసినవారిలో ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య ముఖ్యులు. దేశమంతా తిరిగి కైఫియతులు, శాసనప్రతులు సేకరించిన ఆ తెలుగు బ్రాహ్మణ సోదరుల పేర్లు లేకుండా దక్షిణదేశ చరిత్ర పరిశోధన వ్రాయడం అసాధ్యం.

మెకంజీ తరువాత వచ్చినవారి చరిత్ర వేరు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి ఫలకాలను మద్రాసుకు పంపాడు. అవి ఆరుబయట చాలాకాలం పడి ఉండి, తరువాత లండను చేరాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిబ్బనంతా ఖాళీ చేయించారు. పురాతత్త్వవేత్త జేమ్స్ బర్జెస్ చేరుకునేసరికి స్తూపం ఉన్న చోట పెద్ద గుంట మిగిలింది. ఏ ఫలకం ఏ పొరలో, ఏ దిక్కున, ఏ ఇటుకవరుస పక్కన ఉన్నదన్న జ్ఞానం శాశ్వతంగా నశించింది. నేడు అమరావతి స్తూపవిన్యాసాన్ని ఊహించదలచినవారికి మెకంజీ పటాలే ముఖ్యమైన ఆధారం. ప్రత్యక్షం క్షణికం. లేఖనం లేని ప్రత్యక్షం మరొకరికి ప్రమాణం కాజాలదు. వస్తువును సేకరించడమే పరిశోధన అనుకున్నవారు వస్తువును పొంది జ్ఞానాన్ని పోగొట్టుకున్నారు. వస్తువుకు చేయి తగలనివ్వక దాని స్థితిని వ్రాసి పెట్టినవాడు జ్ఞానాన్ని నిలిపాడు.

అనుమానాన్ని శాస్త్రీయంగా వాడినవారిలో పుదుచ్చేరిలో అధ్యాపకుడిగా ఉన్న ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రే అగ్రగణ్యుడు. 1914లో దక్షిణదేశ వాస్తుశిల్పాలపై ఫ్రెంచిలో రెండు సంపుటాలు ప్రకటించాడు. రామరాజు వలె ఈయన కూడా సమకాలిక శిల్పుల నుంచి పరిభాష నేర్చుకున్నాడు. ఆయన ప్రత్యేకత చిన్న అవయవాలను పట్టుకోవడంలో ఉంది. స్తంభం మీద దూలాన్ని మోసే బోధికను ఉదాహరణగా తీసుకోవచ్చు. శాసనం వల్ల కాలం తెలిసిన పల్లవాలయాలలో అది తరంగాల వంటి చారలతో ఉంటుంది. చోళాలయాలలో ఏటవాలుగా చెక్కి, మధ్యభాగం ముందుకు పొడుచుకొని వస్తుంది. విజయనగర కాలానికి అది తలవంచిన పుష్పంగా, పుష్పబోధికగా పరిణమిస్తుంది. ఈ క్రమాన్ని కాలం నిశ్చితమైన ఆలయాలలో మొదట స్థాపించి, తరువాత శాసనం లేని ఆలయాలకు అన్వయించాడు.

ఇందులో వ్యాప్తి ముందు, అనుమితి తరువాత. మహానసంలో పొగకూ నిప్పుకూ సహచారం చూసినవాడే పర్వతం మీది పొగను చూసి నిప్పును అనుమానించే అర్హత కలవాడు. దుబ్రే ఆ అర్హతను సంపాదించుకున్నాడు. అయినా ఉపాధిని మరువరాదు. ఈ వ్యాప్తి తమిళదేశపు శిల్పికులాలలో స్థాపితమైనది. దానినే ఓరుగల్లు, ద్రాక్షారామం, లేపాక్షి కట్టడాలకు నేరుగా అన్వయిస్తే పచ్చికట్టెలో తప్ప పొగ ఉండదన్న సంగతి మరచిన అనుమానమే అవుతుంది. పాతరూపాన్ని భక్తితో అనుకరించే శిల్పి ప్రతి తరంలోనూ ఉంటాడు. ఒక జీర్ణోద్ధారణలో పాత బోధికను చూసి కొత్తది చెక్కితే, శైలి ఒక కాలాన్ని, రాయి మరొక కాలాన్ని చెబుతాయి. బోధిక ఒక్కదాన్ని చూసి ఒక గోడను తరువాతిదని తీర్పు చెప్పేవారు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి.

20వ శతాబ్దం ప్రథమార్ధంలో శాస్త్రగ్రంథాలు ముద్రణలోకి వచ్చాయి. త. గణపతిశాస్త్రి 1919లో తిరువనంతపురం నుంచి మయమతాన్ని, 1924-25లలో బరోడా నుంచి సమరాంగణసూత్రధారాన్ని ప్రకటించి మహోపకారం చేశారు. ప్రయాగ విశ్వవిద్యాలయంలో ప్రసన్నకుమార ఆచార్య 1927 నుంచి రెండు దశాబ్దాలు మానసారం పరిష్కరణకు, అనువాదానికి, కోశనిర్మాణానికి ధారపోశారు. 70 అధ్యాయాల ఆ గ్రంథం పాఠం అపభ్రష్టం. ప్రతులను పోల్చి పాఠం నిర్ణయించడంలో ఆయన పరిశ్రమ సామాన్యం కాదు. కాని పదార్థనిర్ణయానికి నిలిచి ఉన్న ఆలయాల వద్దకు తగినంతగా వెళ్లలేదు. రోమకుడైన విట్రూవియస్ గ్రంథంతో పోలికల వద్దకు వెళ్లారు. 1928లో ఆనంద కుమారస్వామి ఆచార్యుల కోశాన్ని సమీక్షిస్తూ పరిభాషలో అనేక సవరణలు సూచించాడు. పాఠాన్ని అనుసరించి గీయించిన విమానచిత్రాలు దేశంలో నిలిచి ఉన్న విమానాలకు దూరంగా ఉన్నాయన్న ఆక్షేపణ కూడా వచ్చింది. రామరాజుకు తోడుగా కూర్చున్న కమ్మటశిల్పి ఈ మహాయత్నంలో లేని లోటు తెలుస్తూనే ఉంటుంది.

ఇంతకూ వాస్తుశాస్త్రవాక్యం ఏ జాతి వాక్యం? ఇది తేలకుండా శబ్దప్రమాణం గురించి మాట్లాడడం వృథా. ఆలయం చతురశ్రంగా ఉండాలని, ఉత్సేధం విస్తారానికి ఇన్ని రెట్లు ఉండాలని చెప్పే వాక్యం విధి. విధి చేయవలసినదాన్ని చెబుతుంది, చేసినదాన్ని చెప్పదు. స్వర్గం కోరినవాడు యాగం చేయాలన్న విధి ఉన్నంతమాత్రాన ఒక గ్రామంలో యాగం జరిగిందని ఎవరూ అనరు. జరిగిన యాగంలో అంగలోపం కనిపిస్తే విధి అసత్యమనీ అనరు. ఈ భేదాన్ని విస్మరించినవారు రెండు వైపులా పడ్డారు. ఒక వర్గం శాస్త్రంలో ఉన్న కొలత ఆలయంలో లేదు గనుక శాస్త్రం పండితుల కల్పన అన్నది. మరొక వర్గం శాస్త్రంలో ఉంది గనుక ఆలయంలో ఉండి తీరుతుందని కొలవకుండానే నిశ్చయించింది. నేటి ఆస్తికలోకంలో రెండవ వర్గమే అధికం.

వాస్తుపురుషమండల చర్చ ఈ సందర్భంలో ప్రధానమైనది. స్టెల్లా క్రామ్రిష్ 1946లో కలకత్తా విశ్వవిద్యాలయం ద్వారా ప్రకటించిన రెండు సంపుటాల గ్రంథం హిందూదేవాలయాన్ని ఆధ్యాత్మికదృష్టితో వ్యాఖ్యానించిన మహాకృతి. వాస్తుపురుషమండలమే ఆలయానికి బీజమని, ఆలయం విశ్వపురుషుడి ప్రతిరూపమని ఆమె ప్రతిపాదించారు. ఆస్తికుడి హృదయం దీనికి వెంటనే స్పందిస్తుంది. స్పందించడం వేరు, ప్రమాణం వేరు. 64 పదాల మండలాన్ని దేవాలయానికి విధించినవాడు 6వ శతాబ్దపు వరాహమిహిరుడు. మయమతం ఒక పదం నుంచి 1,024 పదాల వరకు 32 మండలాలను పేర్కొంటుంది. ఇవన్నీ గోడలు ఎక్కడ కట్టాలో చెప్పే నిర్మాణరేఖలా, లేక దేవతలను నిలిపి బలి సమర్పించే స్థానాలా?

ఈ ప్రశ్నకు ధ్యానం వల్ల సమాధానం రాదు, కొలత వల్ల వస్తుంది. అమెరికా పండితుడు మైకేల్ మైస్టర్ ఉత్తరదేశపు ప్రాచీన నాగరాలయాలను కొలిచి, 64 పదాల విభజన వాటిలో కొన్నింటి గర్భగృహానికి, కుడ్యాల మందానికి నిజంగానే అన్వయిస్తుందని 1979లో చూపాడు. ఇది శాస్త్రానికి దొరికిన గట్టి మద్దతు. 2000లో సోనిత్ బఫ్నా అనే పరిశోధకుడు మండలాన్ని సమస్త భారతీయవాస్తువుకూ నియామకసూత్రంగా భావించడం ఆధునికుల అతివ్యాప్తి అని వాదించాడు. ఈ ఇద్దరి మధ్య విరోధం లేదు. కొలిచినచోట, కొలిచినంతమేరకు మండలం సిద్ధించింది. కొలవనిచోట అది సాధ్యకోటిలోనే ఉంది. ప్రతి ఇంటి పటం మీదా మండలం గీసి ఫలం చెప్పేవారికి ఈ భేదం రుచించకపోవచ్చు.

కొలత అన్నది కూడా సులభం కాదు. మీటర్లలో కొలిచినవాడికి అంకెలు దొరుకుతాయి, స్థపతి సంకల్పం దొరకదు. బౌధాయన శుల్బసూత్రంలో అంగుళం 34 తిలల ప్రమాణం, పురుషుడు 120 అంగుళాలు. ఆ పురుషుడు యజమానే కావడం వల్ల, యజమాని మారితే వేదిక కొలత మారుతుంది, అనుపాతం మారదు. శిల్పగ్రంథాలలో యవలతో కొలిచే మానాంగుళం ఒకటి, వ్రేలి కణుపుతో కొలిచే మాత్రాంగుళం మరొకటి. తమిళదేశంలో కొన్ని ఆలయాల అధిష్ఠానాలపై ఆనాటి కొలకోల పొడవు రేఖగా చెక్కి ఉంది. అటువంటి రేఖ దొరికినచోట పరిశోధకుడు ముందుగా ఆ కోలతో భాగించి చూడాలి. అప్పుడే మీటర్లలో భిన్నాలుగా కనిపించిన కొలతలు పూర్ణసంఖ్యలవుతాయో లేదో తెలుస్తుంది.

శబ్దం, ప్రత్యక్షం, శిల్పి సంకల్పం ఒకేచోట లభించే సందర్భం భారతదేశంలో దాదాపు అద్వితీయం. అది మధ్యప్రదేశంలో వేత్రవతీతీరాన ఉన్న భోజపురం. 11వ శతాబ్దపు పరమార భోజరాజుకు సంబంధించిన ఆ శివాలయం అసంపూర్ణంగా ఆగిపోయింది. బ్రహ్మాండమైన లింగం ఉంది, శిఖరం లేదు. రాళ్లను పైకి చేర్చడానికి కట్టిన వాలుకట్ట కూడా ఆలయం వెనుక మిగిలి ఉంది. ఆలయానికి చుట్టూ ఉన్న రాతినేలపై స్థపతులు గీసుకున్న రేఖాచిత్రాలు చెక్కి ఉన్నాయి. తలవిన్యాసాలు, స్తంభాలు, అధిష్ఠానపు అంచులు, శిఖరభాగాలు అందులో ఉన్నాయి. సమరాంగణసూత్రధారం భోజుడి పేర వెలసిన గ్రంథమే.

పూర్తయిన ఆలయం తన నిర్మాణక్రమాన్ని దాచుకుంటుంది. పైపూత పూసిన తరువాత లోపలి ఇటుకవరుస కనిపించనట్లే, కలశస్థాపన జరిగిన తరువాత శిల్పి ఏ రేఖతో మొదలుపెట్టాడో కనిపించదు. భోజపురంలో కార్యం ఆగిపోవడం వల్లనే కారణం కనిపిస్తున్నది. ఆడమ్ హార్డీ అనే ఆంగ్ల వాస్తువేత్త, మత్తియా సాల్విని అనే సంస్కృతపండితుడి అనువాదంతో, సమరాంగణసూత్రధారంలోని ప్రాసాదాధ్యాయాలను ఈ రేఖాచిత్రాలతో పోల్చి 2015లో గ్రంథం ప్రకటించాడు. ఆయన మార్గం గమనింపదగినది. శ్లోకం చెప్పినదాన్ని చెప్పినట్లుగా గీయడానికి పూనుకున్నాడు. గీస్తే గాని శ్లోకంలో ఏది చెప్పారో, ఏది చెప్పకుండా విడిచారో తెలియదు. చాలాచోట్ల శ్లోకం ముఖ్యవిభాగాలను మాత్రమే ఇచ్చి ఆగుతుంది. మిగిలినది శిల్పికి తెలిసే ఉంటుందన్న విశ్వాసం దాని వెనుక ఉంది.

సూత్రగ్రంథాలు చదివినవారికి ఇది కొత్త కాదు. కల్పసూత్రం చేతబట్టుకొని ఋత్విక్కు పక్కన నిలవకుండా యాగం చేయగలవారు ఎవరూ లేరు. సూత్రంలో అధ్యాహారం ఎక్కువ, అది గురుముఖతః పూరించబడుతుంది. సమరాంగణం కూడా ఆ జాతి గ్రంథమే. దాన్ని గృహనిర్మాణ పటంగా భావించి విమర్శించినవారు సూత్రాన్ని భాష్యం లేకుండా చదివినవారే. భోజపురపు రాతిరేఖలే ఆ శ్లోకాలకు దొరికిన భాష్యం.

మరొక ప్రమాణం మిగిలి ఉంది, ఐతిహ్యం. పెద్దలు చెప్పుకుంటూ వచ్చిన మాట. నైయాయికులు దీన్ని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించక శబ్దంలో అంతర్భావం చేశారు. ఆప్తుడు చెప్పినదైతే ప్రమాణం, కానిచో కాదు. పాలంపేటలోని రామప్పగుడిని ఉదాహరణగా గ్రహించవచ్చు. శిల్పి పేరునే ఆలయానికి పెట్టారని లోకంలో ప్రసిద్ధి. 1213 నాటి శాసనం కీర్తించినది మాత్రం కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుణ్ణి. నామం విషయంలో ఐతిహ్యం నిలవకపోవచ్చు. నీటిమీద తేలే ఇటుకలతో శిఖరం కట్టారన్నది కూడా చిరకాలం ఐతిహ్యంగానే విన్నారు. ఇటుక ముక్కను నీటిలో వేసి చూడగా అది తేలింది. ఒకే జనశ్రుతిలో ఒక భాగం ప్రత్యక్షం చేత సమర్థితమై, మరొకటి శాసనం చేత సమర్థితం కాక మిగిలింది. స్థలపురాణాన్ని మొత్తంగా నమ్మేవారు, మొత్తంగా త్రోసిపుచ్చేవారు కూడా ఈ పరీక్ష చేయరు. 2021లో ఆ ఆలయం ప్రపంచవారసత్వ స్థానంగా గుర్తింపు పొందినప్పుడు, తేలిక ఇటుకలు, పునాదిలోని ఇసుక విశేషాలుగా పేర్కొనబడ్డాయి.

పునాది ప్రస్తావన వచ్చినప్పుడు ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నిటి ఉమ్మడి లోపం బయటపడుతుంది. రామరాజు చిత్రాలు, ఫెర్గూసన్ ఛాయాచిత్రాలు, దుబ్రే బోధికలు, క్రామ్రిష్ మండలం అన్నీ ప్రధానంగా భూమికి పైన ఉన్నదాన్ని చూశాయి. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో నిర్మింపజేసిన ఏడంతస్తుల రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. అంతకుముందే బీటలు కనిపించాయి, ఆ ప్రదేశం నుంచి జనాన్ని దూరంగా పంపారు, అందువల్ల ప్రాణనష్టం తప్పింది. ఆ గోపురం శైలి గురించి, శాసనం గురించి, శిల్పాల గురించి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. కాని బీట ఏ ఏడాది ఎంత పొడవు ఉన్నదో, ఏ వర్షాకాలంలో ఎంత పెరిగిందో, అడుగున మట్టి స్థితి ఏమిటో తరతరాలుగా వ్రాసి ఉంచే అలవాటు దేవాలయాలలో లేదు. గోపురం కూలిన తరువాత పరీక్షలు జరిగాయి. ఆ స్థానంలో కొత్త గోపురం 2017లో ప్రతిష్ఠితమైంది. అది శాస్త్రోక్తమే, సుందరమే. రాయలవారి గోపురం మాత్రం కాదు.

ఆగమాలలో దీనికి ఆధారం లేకపోలేదు. కర్షణం, భూపరీక్ష, ప్రథమేష్టక, గర్భన్యాసం అన్నీ భూమి లోపలి సంగతులే. గుంట త్రవ్వి, తీసిన మట్టితోనే తిరిగి పూడ్చి, మట్టి మిగిలిందా, సరిపోయిందా, తగ్గిందా అని చూసే విధి నేటి మృత్పరీక్షకు దూరమైనది కాదు. నిర్మాణానికి ముందు చేసే ఆ పరీక్షను నిర్మాణం తరువాత కూడా కాలానుగుణంగా కొనసాగించడం సంప్రదాయ విరుద్ధమని ఎవరూ అనలేరు. నిత్యార్చనకు లెక్క వ్రాసే దేవస్థానం బీటలకు లెక్క వ్రాయకపోవడమే ఆశ్చర్యం.

ఓరుగల్లు వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని ఈ శతాబ్దం ఆరంభంలో ఇదే కారణం చేత రాయి రాయిగా విప్పి, పునాదిని సరిచేసి, తిరిగి నిలిపి 2024లో తెరిచారు. విప్పిన రాతిని అదే స్థానంలో కూర్చడం ప్రతి రాతికీ అంకె వేసి, చిత్రం గీసి ఉంచినందువల్లనే సాధ్యమైంది. అంతకు చాలా ముందే శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఇదే విధంగా విప్పి అలంపురంలో తిరిగి నిర్మించారు. అధిష్ఠానం, కుడ్యస్తంభాలు, శిఖరం అన్నీ అంకెల ప్రకారం తమ స్థానాలలో కూర్చున్నాయి. అలంపురం వెళ్లినవారు నేడు ఆ చాళుక్యశిల్పాన్ని దర్శించవచ్చు. సంగమేశ్వరుడన్న నామానికి హేతువైన కృష్ణా తుంగభద్రల సంగమం మాత్రం ఆ ద్వారం ముందు లేదు. నదికీ ద్వారానికీ మధ్య దూరం ఎంత, ఏ మెట్టు మీద నిలిస్తే లింగం కనిపించేది, వరదకాలంలో నీరు ఎంతవరకు వచ్చేది అన్న వాటికి రాతిమీది అంకెలలో స్థానం లేదు. అది మునగకముందు ఆ గుడిలో అర్చన చేసిన కుటుంబాల వృద్ధులను అడిగితే ఇప్పటికీ తెలిసే అవకాశం ఉంది.